దుబాయి నుంచి నాలుగు గంటలు

కొన్ని అబద్ధాలకు బరువుండదంటారు. నాది రెండున్నర వేల కిలోమీటర్ల అబద్ధం. పదిహేనేళ్లుగా మోస్తున్నాను. మోయడం అలవాటైంది గానీ బరువు తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది మంచిర్యాల దగ్గర బొగ్గు గనుల కాలనీ. డిగ్రీ చదివి గనిలోకి దిగనివాణ్ని కాబట్టి కాలనీ నాకో పని అప్పగించింది. గల్ఫ్ పోయేవాళ్లకు ఏ విమానం ఎక్కడ దిగుతుందో, ఎంతసేపు పడుతుందో నెట్ సెంటర్‌లో చూసి చెప్పడం. అప్పటికి నేను విమానం ఎక్కలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

బాపు చనిపోయిన పొద్దున అన్న దుబాయి నుంచి ఫోన్ చేశాడు. అక్కడ వెల్డింగ్ పని.

“సేటు సెలవిచ్చిండు తమ్మీ. పాస్‌పోర్ట్ చేతులనే ఉంది. ఎంతసేపు పడ్తది?”

మధ్యాహ్నం నేరుగా హైదరాబాదుకు విమానం ఉంది. నాలుగు గంటలు. అక్కడి నుంచి మా ఇంటికి ఐదు. మా రోడ్లు ఆకాశం కన్నా దూరం. అయినా తెల్లారేసరికి ఇంట్లో ఉంటాడు. పెద్ద కొడుకు వస్తానంటే రేపటిదాకా ఆగుదామని చర్చి అయ్యగారు అప్పటికే అన్నారు. సమాధిలో మొదటి పిడికెడు మట్టి పెద్ద కొడుకే వేయాలి, మా దగ్గర అది రివాజు.

ఇవన్నీ తెలిసే చెప్పాను.

“నేరుగా లేదన్నా. బొంబాయిల దిగాలె. రాత్రంత ఆడనే కూసోవాలె. నువ్వొచ్చేసరికి ఎల్లుండి అయితది.”

“గన్ని దినాలు బాపును ఉంచుడు మంచిగుండది. కానియ్యుండ్రి. నువ్వున్నవ్ గదా” అన్నాడు.

అయ్యగారికి, అన్న రాలేనన్నాడని చెప్పాను. ఒక అబద్ధం ఒంటరిగా ఉండలేదు కదా.

ఎందుకు చేశాను? మూడేళ్లు బాపు మంచం మీద ఉన్నాడు. ఎత్తింది, కడిగింది, తినిపించింది నేను. నా చేతి ముద్ద నములుతూ రోజూ అడిగేవాడు, “పెద్దోడు ఫోన్ చేసిండా?” అని. అన్న వచ్చి పెట్టె మీద పడి ఏడిస్తే కాలనీ అంతా అన్ననే పట్టుకుని ఓదారుస్తుంది, నేను మాత్రం కుర్చీలు సర్దుతూ ఉంటాను. ఆ ఒక్క రోజైనా బాపు నాకే మిగలాలనుకున్నానేమో. లేక అలసిపోయానా? అలసట మంచి సాకు. ఎన్నిసార్లు వాడినా అరగదు.

సాయంత్రం మొదటి పిడికెడు నేనే వేశాను. మట్టి తడిగా ఉంది, చేతిని సరిగా వదల్లేదు.

అన్న ఇప్పుడు తిరిగొచ్చేసి మా వెనక వీధిలో ఉంటున్నాడు. ఆఖరున బాపు మొహం ఎట్లుండెనో అప్పుడప్పుడు నన్నడుగుతాడు. నిద్రపోయినట్టే ఉండెనని చెబుతాను. అదొక్కటి నిజం.

పోయిన నెల పక్కింటామె చనిపోయింది. కొడుకు పొద్దున దుబాయిలో ఎక్కి, రాత్రికల్లా వచ్చేశాడు. మర్నాడు సమాధుల దగ్గర, అతను తల్లికి మట్టి వేస్తుంటే అన్న చూస్తూ నిలబడ్డాడు.

“ఇప్పుడు విమానాలు జల్దీ వస్తున్నయ్ గదా తమ్మీ.”

“అవునన్నా. ఇప్పుడు జల్దీ వస్తున్నయ్.”

తెలిసే అన్నాడా? నా మొహం వైపు మాత్రం చూడలేదు. నేనూ చూడలేదు. అక్కడ నోట రాని మాట ఇక్కడ రాస్తున్నాను.

దుబాయి నుంచి హైదరాబాదుకు నాలుగు గంటలు. అప్పుడూ అంతే.