మా మనవరాలు ఎన్నడూ చూడని తన బడికి ఒక రోజు ప్రయాణం

పోయిన సోమవారం సాయంత్రం మా మనవరాలు మేఘన బడి నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా నా కుర్చీ పక్కన నిలబడి, "తాతయ్యా, ఇది అప్పజెప్తాను, తప్పులుంటే చెప్పు" అంది. చేతిలో చిన్న చీటీ. పదో తరగతి పిల్ల కదా, ఏ పద్యమో సూత్రమో అనుకున్నాను. విప్పి చూస్తే జీడిమెట్లలోని ఒక హైస్కూలు పేరు, అది ఉన్న కాలనీ, హెడ్మాస్టరు పేరు, క్లాసు టీచరు పేరు. పరీక్ష హాల్లో ఎవరైనా ఏ బడి అని అడిగితే ఇవే చెప్పాలట. మేఘన మూడేళ్ళుగా చదువుతున్న బడి మాత్రం నల్లగండ్లలో, మా అపార్టుమెంటుకు పది నిమిషాల నడక. చీటీలోని బడిని పిల్ల ఎన్నడూ చూడలేదు. అడిగితే టీచరు చెప్పిందట: "మీ పేర్లన్నీ అక్కడే ఉన్నాయి, కంగారు పడకండి." ఆ మాట విన్నాక కంగారు మొదలైంది నాకు.

కాగితం మీద పేరు ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టు లెక్క అన్న సంగతి నాకు అనుభవమే. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. చదవడమంటూ వచ్చిందంటే పకోడీల పొట్లాల పుణ్యం. తినడం అయ్యాక పొట్లం విప్పి చదివేవాణ్ణి, కథ సగంలో చిరిగిపోతే మిగతాది నేనే అల్లుకునేవాణ్ణి. కోస్తా నుంచి వచ్చి జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరినప్పుడు పుట్టినతేదీ అడిగారు. నాకు తెలియదంటే గుమస్తాయే తోచింది వేశాడు. ఆ తేదీ ప్రకారం నేను మా చెల్లెలికంటే చిన్నవాణ్ణి. ఇప్పటికీ అంతే. అందుకే పిల్ల పదో తరగతి కాగితం మీద ఒక్క అబద్ధం పడితే అది ఎంతదూరం వెంట నడుస్తుందో నాకు తెలుసు. మంగళవారం పొద్దున్నే బయల్దేరాను. మీ ఇంట్లోనూ తొమ్మిదో పదో చదివే పిల్లలుంటే, దారితో సహా రాస్తున్నాను, చదవండి. ఆ రెండు బడుల పేర్లు మాత్రం రాయను. ఆ పేర్ల కింద ఇంకా నలభైమంది పిల్లలున్నారు.

ఎనిమిదింటికి నల్లగండ్లలో ఆటో ఎక్కాను. మియాపూర్ మెట్రో దాకా నూట ఎనభై అన్నాడు, నూట అరవైకి ఒప్పుకున్నాడు. పేరు యాదగిరి, ఉండేది నిజాంపేటలో. పోగా పోగా విషయం చెప్పాను.

"ఏంది తాతా, పిల్ల ఈడ, పేరు ఆడనా?" అని అద్దంలో నా మొహం చూశాడు. "మా బిడ్డ సర్కారు బడిల చదువుతది. గోడలు పెచ్చులూడినయ్ గని, పిల్ల యాడ కూసుంటే పేరు గాన్నే ఉంటది. మీరేమో గంత ఫీజులు కట్టి, పేరును కిరాయికి వెట్టిండ్రు."

"మాకు తెలియదయ్యా" అన్నాను.

"తెల్వదా, అడగలేదా?"

నేను జేబులోంచి నూట అరవై తీసి లెక్కపెట్టాను. మియాపూర్‌లో అతని చేతిలో పెట్టి దిగాను.

మియాపూర్ నుంచి బాలానగర్ స్టేషను పావుగంట. అక్కడ దిగి నర్సాపూర్ రోడ్డు మీద పోయే బస్సు ఎక్కితే షాపూర్‌నగర్ మీదుగా జీడిమెట్ల. ట్రాఫిక్ ఉంటే ముప్పావుగంట వేసుకోండి. బస్సులో కూర్చోగానే ఫ్యాక్టరీల వాసన తగిలింది. మిగతావాళ్ళు ముక్కు మూసుకుంటే నేను గట్టిగా పీల్చాను, ముప్పై ఏళ్ళ అలవాటు. మా ఫ్యాక్టరీలో రెండు బాయిలర్లుండేవి. పెద్దదానికి సర్టిఫికెట్టు ఉంది, చిన్నదానికి లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు చిన్నదాని మీద టార్పాలిన్ కప్పి ముందు డ్రమ్ములు పేర్చేవాళ్ళం. ఆయన జీపు గేటు దాటగానే డ్రమ్ములు తీసేసి మళ్ళీ మంట పెట్టేవాళ్ళం. ఆ చిన్న బాయిలర్ పక్కన మూడేళ్ళు పనిచేశాను. దాని కూత కొంచెం మారితే చాలు, గేటు వైపు నాలుగడుగులు వేసేవాణ్ణి. అది ఏనాడూ పేలలేదు. పేలలేదు కదా అని భయం పోయిందా అంటే, పోలేదు.

పదిన్నరకు బడి దొరికింది. ఒక ప్లాస్టిక్ డబ్బాల షెడ్డు వెనక, రెండంతస్తుల పాత ఇల్లు. బోర్డు సున్నం కొట్టినట్టు వెలిసిపోయింది. పదో తరగతి గదిలోకి తొంగిచూస్తే ఇరవైమంది పిల్లలు, చివరి బెంచీలు ఖాళీ. హెడ్మాస్టరు నాకంటే పదేళ్ళు చిన్న. చొక్కా కాలరు అరిగింది, మర్యాద మాత్రం అరగలేదు.

"కూసోండ్రి పెద్దాయన. చాయ్ తాగుతరా? మీ పిల్ల పేరేంది?"

చెప్పాను. రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పాడు. అరవై పైన పేర్లు. మేఘన పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది. పేరు చూడగానే ప్రాణం లేచివచ్చింది, అబద్ధమెందుకు. ఆ పేరు పక్కన గళ్ళ మీదికి చూపు పోయాక మళ్ళీ కుంగింది. ఆ రోజు గడిలో హాజరు వేసి ఉంది. ఆ క్షణాన మేఘన నల్లగండ్లలో ఫిజిక్స్ పరీక్ష రాస్తోంది. వెనక్కి తిప్పాను. వినాయకచవితి ముందు డెంగీ వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది పిల్ల. చేతికి సెలైన్ సూది, మంచం పక్కన నేను. ఆ ఆరు రోజులూ ఇక్కడ హాజరు. నా పక్కన పడుకుని నీళ్ళు కూడా తాగలేని పిల్ల ఇంకెక్కడో బెంచీ మీద కూర్చుందని సిరాతో రాసి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇలా?" అన్నాను.

"పదేండ్లయితుంది. మీ బడికి ఏడో తరగతి దాకనే గుర్తింపు. పిల్లలున్నరు, పర్మిషన్ లేదు. మాకు పదో తరగతి దాక పర్మిషన్ ఉంది, పిల్లలు లేరు. గట్ల కలిసినం."

"పదేళ్ళలో ఒక్కరూ అడగలేదా?"

"అడిగేటోళ్ళు పిల్లల్ని పంపరు గద సారూ" అని నవ్వి, ఒక ఫారం ముందుకు జరిపాడు. 'మా అమ్మాయి ఎనిమిదో తరగతి నుంచి ఈ పాఠశాలలోనే చదువుతున్నదని ధ్రువీకరిస్తున్నాను.' కింద తండ్రి లేదా తల్లి లేదా సంరక్షకుని సంతకం. "ఈసారి పైనుంచి తనిఖీలు జర ఎక్కువైనయ్. అందుకే ఇది. అందరు వెట్టిండ్రు. శనివారం లోపల మీరూ వెట్టుండ్రి. లేకుంటే హాల్‌టికెట్ మీద నేను సంతకం చెయ్యలేను."

బెదిరించినట్టు అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. పిల్ల తల్లిని అడగాలని చెప్పి, ఫారం జేబులో పెట్టుకుని లేచాను.

మళ్ళీ బాలానగర్ వచ్చి, అమీర్‌పేటలో రైలు మారి, ఒంటిగంటకు హైటెక్ సిటీ స్టేషనులో దిగాను. మా అమ్మాయి సునీత, మేఘన తల్లి, అక్కడే ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేస్తుంది. ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి పట్టుకోవడం దాని ఉద్యోగం. మెళ్ళో కార్డుతో గేటు బయటికి వచ్చింది. చెట్టు కింద లెమన్ రైస్ అమ్మే బండి దగ్గర నిలబడ్డాం. ఫారం చేతికిచ్చి, జరిగింది చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. ప్లేటు అలాగే పట్టుకుని తలొంచుకుంది.

"నాకు తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"చేర్చినప్పుడే ఇంకో బడితో 'టై-అప్' ఉందన్నారు. అందరివీ అంతేనన్నారు. ఏ బడితో అని నేను అడగలేదు."

నాకు కోపం వచ్చింది. "రోజంతా తప్పులు పట్టే పని కదే నీది!" అన్నాను. అది ఫారాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇప్పుడు గొడవ చేస్తే దాని ఏడాది పోతుంది. వాళ్ళంతా పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు నాన్నా. పెట్టేద్దాం సంతకం" అంది. పెన్ను తీసింది. మూత విప్పింది. ఎంతసేపటికీ రాయలేదు. "నా చెయ్యి రావడం లేదు. మీరే గార్డియన్‌గా పెట్టెయ్యండి. మీటింగుంది, పోవాలి" అని ఫారం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. లెమన్ రైస్ ముట్టుకోలేదు. నేనూ తినలేకపోయాను, బండి ఆమె "బాగలేదా అన్నం?" అని నొచ్చుకుంది కూడా.

సంతకం పెట్టే ముందు ఒకమాట తెలిసినవాళ్ళను అడగాలనిపించింది. మా శేరిలింగంపల్లి మండల విద్యాధికారి ఆఫీసుకు ఆటోలో వెళ్ళాను. లోపలికి పిలిచేసరికి మూడున్నర అయింది. మధ్యాహ్నం పూట పోతే మనుషులు దొరుకుతారు, పొద్దున బడుల తనిఖీల్లో ఉంటారు. అధికారి ఒక మేడం. నేను తెలివిగా, "మాకు తెలిసినవాళ్ళ పాప ఉందండీ..." అని మొదలుపెట్టి అంతా చెప్పాను.

ఆమె విని, "పెద్దాయనా, ఆ తెలిసినవాళ్ళ పాప మీకు మనవరాలేనా?" అంది.

ఒప్పుకోక తప్పలేదు.

"చూడుండ్రి. మీరిప్పుడు రాసిస్తే, ఆ పిల్లలందర్నీ దగ్గర్లోని సర్కారు హైస్కూలు కింద పరీక్ష రాయించాలని నేను పైకి పంపుత. ఇదివరకు గట్ల చేసినం. ఈసారి పిల్ల ఒక జిల్లాల, పేరు ఇంకో జిల్లాల. టైం తక్కువ. అయితదని గ్యారంటీ ఇయ్యలేను."

"సంతకం పెడితే?"

"హాల్‌టికెట్ వస్తది. పరీక్ష రాస్తది. రేపు ఎప్పుడో ఎవరన్న ఆ హాజరు, మీ దవాఖాన కాగితం పక్కపక్కన వెట్టి అడిగితే, జవాబు చెప్పాల్సింది మీరు గాదు, ఆ పిల్ల."

బయట బెంచీ మీద కూర్చున్నాను.  అటు నిజం చెబితే ఏడాది పోతుందేమో, ఇటు అబద్ధం రాస్తే ఎప్పుడు ఏం పోతుందో. నాలుగున్నరకు బడి వదిలాక మేఘనకు ఫోన్ చేశాను. దాని బతుకు గురించి దాన్ని అడగకుండా ఇద్దరం పెద్దవాళ్ళం పొద్దుటి నుంచీ తిరుగుతున్నామని అప్పుడు గుర్తొచ్చింది.

"నిజం చెప్తే పరీక్ష రాయనివ్వరా తాతయ్యా?"

"తెలియదమ్మా. రాయనివ్వచ్చు."

"అబద్ధం చెప్తే?"

"రాయనిస్తారు."

 "మా స్కూల్లో మోరల్ సైన్స్ పీరియడ్ కూడా ఉంది తెలుసా" అని నవ్వబోయి, ఏడ్చింది. "నాకు ఆ హెచ్‌ఎం పేరు మర్చిపోతానేమోనని భయంగా ఉంది. లెక్కలు చేస్తున్నా అదే గుర్తొస్తోంది. మరి నేను మూడేళ్ళు ఎక్కడ చదివాను తాతయ్యా?"

సునీతకు ఫోన్ చేసి, రాసిస్తున్నానని చెప్పాను.  "సరే నాన్నా" అని పెట్టేసింది.

అర్జీ రాయడం నాకు కొత్త. 'అయ్యా' అని మొదలుపెట్టి, మేడం కదా అని కొట్టేసి 'అమ్మా' అన్నాను. చూసింది చూసినట్టు రాశాను. సంతకం లేని ఆ ఫారం దానికి జతచేశాను. అర్జీ చివర నా పేరు కింద మాత్రం సంతకం పెట్టాను. ముద్ర వేసిన రసీదు తీసుకుని, అయిదున్నరకు నడుచుకుంటూ ఇల్లు చేరాను.

ఇది రాస్తున్నది శుక్రవారం. గురువారం అధికారులు నల్లగండ్ల బడికి వచ్చి రిజిస్టర్లు పట్టుకెళ్ళారు. తల్లిదండ్రుల గ్రూపులో ఒకాయన, "ఈ ముసలాయన నిజాయితీకి మా పిల్లలు మూల్యం కట్టాలా?" అని పెట్టాడు.  ఆయన భయం నాకు తెలుసు, నాదీ అదే. పిల్లల పేర్ల జాబితా పైకి వెళ్ళిందని మేడం ఫోన్ చేసి చెప్పింది. పైనుంచి ఇంకా మాట లేదు. నలభైమంది పిల్లల ఏడాదిని నా చేతి రాతతో తీసుకెళ్ళి ఒక టేబుల్ మీద పెట్టి వచ్చాను. మంచి చేశానని చెప్పుకోవడానికి నోరు రావడం లేదు. పక్కగదిలో మేఘన లెక్కలు చేసుకుంటోంది. దాని పెన్ను చప్పుడు ఆగినప్పుడల్లా తలుపు దాకా వెళ్ళి వస్తున్నాను.

ఈ దారిన మీరు పోవాల్సిన అవసరం రాకుండా ఒక్క మాట. పిల్లల్ని ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో చేర్చేముందు, బోర్డు మీద ఏం రాసుందో చూడకండి; గుర్తింపు ఉత్తర్వు కాగితం చూపించమని అడిగి, అది ఏ తరగతి దాకా ఉందో, ఎప్పటి దాకా చెల్లుతుందో మీ కళ్ళతో చదవండి. చూపించకపోతే మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి, ఒక పూట పని. మా సునీత నిన్న చెప్పింది: చేర్చిన రోజు ఆ కాగితం అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చిందట. అడిగితే సీటు ఇవ్వరేమోనని భయపడి ఊరుకుందట.