సంజీవమ్మ పిండిన కిస్‌మిస్ షర్బత్

కువైట్‌లోని రిగ్గైలో సాలొమన్ సారు ఫ్లాట్లో వంట చేసే సంజీవమ్మకు ఆ శుక్రవారం తల కొట్టేసినట్టయింది. సారు బొంబాయి యూదుడు, అక్కడి షుఐబా రిఫైనరీలో ఇంజనీరు. శుక్రవారం సాయంత్రం ప్రార్థన చేసి తాగడానికి ఎండుద్రాక్ష నానబెట్టి, షర్బత్ తనే పిండుకుంటాడు. పాపం, పెద్దాయనకు చేతులు నొప్పులని ఆవిడే శుభ్రంగా పిసికి, వడగట్టి జగ్గులో పోసి పెట్టింది.

సారు చూసి నీళ్ళు నమిలాడు. "మా మతంవాళ్ళు కానివాళ్ళు పిండిన ద్రాక్షరసం మేం తాగకూడదు సంజీవమ్మా," అన్నాడు హిందీలో.

"అయితే నాకియ్యి సార్. నా రూములో ఉండే పుష్పలత తాగుతాది."

"తాగడమే కాదు, దాంతో ఏ లాభమూ పొందకూడదు. నీకిచ్చి మంచిపేరు కొట్టేసినా లాభమే."

"పోనీ, దాంతో సింకన్నా తోముతా."

"అదీ లాభమే!" అంటూ జగ్గు సింకులో బోర్లించేశాడు.

సంజీవమ్మ ఖాళీ జగ్గు లాక్కుని ఠక్కున గట్టుమీద పెట్టింది. ఊళ్ళో పెద్దిళ్ళ వాకిట్లో, పైనుంచి పోస్తే దోసిట్లో నీళ్ళు తాగి పెరిగిన మనిషి. సముద్రం దాటి వచ్చినా ఈ ముట్టుడు గోల తప్పలేదే!

"ఖలాస్ సార్! నా చెయ్యి తగిలితే పనికిరాదంటే నేనెందుకు? రేపట్నుంచి రాను."

సారు హడలిపోయాడు. "అయ్యో, రోజూ నువ్వు వండిందే తింటున్నా కదా! ఈ పట్టింపు పచ్చి రసానికే. ముందు నేను మరగబెట్టేస్తే, తర్వాత ఎవరు ముట్టుకున్నా తప్పులేదు."

"అట్లయితే యల్లా, కానియ్యి, మరగబెట్టు. చూస్తా."

సారు మళ్ళీ ఎండుద్రాక్ష గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాడు. సంజీవమ్మ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మంట తగ్గియ్యి! కలబెట్టప్పా, మాడతాంది! చొక్కా మీద కాదు సార్, జగ్గులోకి వడగట్టు!"

పొద్దుగూకేవేళకి సారు జగ్గు తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. "గ్లాసులోకి నువ్వే పొయ్యి."

పోసింది. ఆయన ప్రార్థన చేసి చుక్క మిగలకుండా తాగాడు. సంజీవమ్మకు కళ్ళు చెమర్చాయి. అన్నం వడ్డించింది.

సారు ప్రాణం కుదుటపడి, తడి చెంచాతోనే ఆవిడ రాయచోటి నుంచి తెచ్చి అక్కడ పెట్టుకున్న ఊరగాయ జాడీలోకి చెయ్యి పెట్టబోయాడు.

"ముట్టొద్దు సార్!" ఫ్లాటు దద్దరిల్లింది. "ఆ జాడీలో నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడగూడదు!"

చెంచా గాల్లోనే ఆగిపోయింది. "చూసి లాభం పొందొచ్చా?" అన్నాడాయన మెల్లగా.

సంజీవమ్మ నాలుక కరుచుకుంది. పొడి గరిటె తీసి, ఆయన పళ్ళెంలో రెండు ముక్కలు ఎక్కువే వేసింది.

"రేపు పొద్దున్నే వస్తా. అంతదాకా జాడీ జోలికి మాత్రం పోవద్దు."