పచ్చికొయ్య తలుపు

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను జమ్మలమడుగు నుంచి పులివెందులకు కోడలిగా వచ్చాను. మా మామ పెళ్లి కోసం మిద్దెకు ఒక గది కలిపి కట్టించాడు. తలుపుకు టేకు కొనడం ఆయన లెక్కలో దండగ. చేలోని వేపచెట్టు కొట్టించి, ప్రొద్దుటూరు నుంచి వడ్రంగి సాయిబును పిలిపించాడు.

"పచ్చికొయ్య మామా. ఆర్నెల్లు బాయిలో నానల్ల, ఆర్నెల్లు నీడన ఆరల్ల. అప్పుడైతే మనవళ్ల కాలందాకా ఉంటాది," అన్నాడట సాయిబు.

"పెండ్లి దగ్గర పెట్టుకోని చెట్టును బాయిలో ముంచేదేందప్పా? కొయ్యి," అన్నాడట మామ.

సాయిబు కోశాడు. నేను వచ్చాను, వెనకాలే ఎండాకాలం వచ్చింది. తలుపు ముడుచుకుపోయి, గడియ దాని రంధ్రానికి రెండు వేళ్ల దూరంలో ఆగిపోయేది. మామ తలుపు చూసి "బాగుంది" అనేవాడు. ఆయన చేయించిన పని బాగుండకపోవడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు.

రాత్రిళ్లు తలుపుకు తిరగలి అడ్డం పెట్టేవాళ్లం. పగలు అది అత్తకు కావాలి. నా బాధల్లా పగటిదే. అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చేది. కొత్తకోడలు కంటతడి పెడితే ఇంటికి అరిష్టమని అత్త మొదటిరోజే చెప్పింది. తలుపు పడని ఇంట్లో ఎక్కడ ఏడవను? పొయ్యి ఊదేటప్పుడు కాస్త ఏడ్చి, నేరం పొగ మీదికి నెట్టేదాన్ని.

ముసురు పట్టి నాలుగు రోజులు వాన పడితే కొయ్య ఉబ్బి గడియ పడుతుందన్నాడు సాయిబు. పులివెందులలో ముసురు! అయినా రోజూ మొక్కుకునేదాన్ని. "మా కోడలికి శెనక్కాయ పైరంటే శానా పానం," అని అత్త వీధంతా చెప్పుకుంది. ఆ ఏడు ఒక్క వాన పడింది. మిద్దె మీది మిరపకాయలు ఎత్తుకుని నేను దిగేలోగా వెలిసింది.

ఒకనాడు పొయ్యి వెలిగించకుండానే ఏడుస్తున్నాను. మామ చెంబు కోసం వచ్చాడు. నన్ను చూశాడు, చల్లటి పొయ్యిని చూశాడు, చెంబు మరిచి వెళ్లిపోయాడు. మర్నాడు ఇంకో వేపచెట్టు కొట్టించి బావిలో వేయించాడు. కొట్టిన రెండింటికి నాలుగు మొక్కలు నాటించాడు. ఎందుకని అడిగినవాళ్లతో, "కొయ్య నానల్ల గదా," అన్నాడు, ఆ సంగతి తనే కనిపెట్టినట్టు.

అది ఆర్నెల్లు నానింది, ఆర్నెల్లు ఆరింది. నేను పళ్ల బిగువున ఆ ఏడాది గడిపాను.

కొత్త తలుపు బిగించినరోజు మామ నన్ను పిలిచాడు.

"గడియ పడతాందేమో సూడమ్మా. నిదానంగా సూడు."

ఈ మిట్టమధ్యాహ్నం చేనికెందుకని అత్త గొణుగుతున్నా వినకుండా ఆమెను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను లోపలికి వెళ్లి గడియ పెట్టాను. పడింది. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి, "అమ్మా" అని గొంతెత్తి ఏడ్చాను.