తిట్టు పడని ఇల్లు

యుద్ధకాలంలో పెరిగే పిల్లలకు యుద్ధం తెలియదని పెద్దల నమ్మకం. కడుపుకింత పెట్టి ఆటకు వదిలితే చాలు, తక్కినదంతా వాళ్ల తలల మీదుగా వెళ్లిపోతుందంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. ఎంత ఉందో చెప్పాలంటే సిద్ధమ్మ సంగతి చెప్పాలి.

ఆమె తండ్రి మునెయ్య తిరుపతిలో రాళ్లు కొట్టేవాడు. యుద్ధం మొదలైన మూడో ఏట, రోడ్లు వేసే కూలిపటాలంలో చేరి అస్సాం వైపు వెళ్లాడు. కొన్నాళ్లు ఎవరిచేతనో రాయించిన జాబులు వచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. రెండేళ్లు చూసిన తర్వాత, మునెయ్య అన్న దేవరాజులు గంగమ్మ జాతర కాగానే మరదలు గంగులమ్మ గాజులు తీయించి తమ్ముడికి కర్మ జరిపిద్దామని కులపెద్దలతో అన్నాడు. తొమ్మిదేళ్ల సిద్ధమ్మతో ఎవరూ ఏమీ అనలేదు. ఆమె రాగానే మాటలు ఆపేవారు. అడగకుండానే బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు. పిల్లలకు ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం.

జాతర రోజుల్లో వేషగాళ్లు ఒంటికి బొగ్గుపొడి పూసుకొని, వేపమండలు కట్టుకొని, కనబడినవారినల్లా తిడుతూ వీధులు తిరుగుతారు. ఆ తిట్టు అమ్మవారి దీవెన. అది పడని ఇల్లు చిన్నబోతుంది. మునెయ్యతో కలిసి రాళ్లు కొట్టిన కుప్పుస్వామి ఏటా వేషం కట్టేవాడు. స్నేహితుడి కోసం ఏడాది పొడుగునా తిట్లు కూడబెట్టేవాడు.

ఆ ఏడు అతడు పొరుగింటి భారతమ్మను, ఆమె పులుసు తిన్నవాడి పాపం కాణిపాకం బావిలో మునిగినా పోదని తిట్టాడు. తర్వాత సిద్ధమ్మ ఇంటి ముందుకు వచ్చి, తల వంచుకొని దాటిపోయాడు. అది దయే, సందేహం లేదు. అయితే చచ్చినవారిని ఎవరూ తిట్టరని సిద్ధమ్మకు తెలుసు. పరుగెత్తి అతనికి అడ్డం నిలబడింది.

"మామా, మా ఇంటికి తిట్టు యాది?"

"మీయమ్మ బాధలో ఉండాది పాపా. పో."

"అమ్మనొద్దులే. మా నాయన్ని తిట్టు."

దేవరాజులు పిల్లను గదమాయించాడు. కుప్పుస్వామి గడపలో నిలుచున్న గంగులమ్మ వైపు చూశాడు. ఆమె వద్దనలేదు.

"ఒరే మునిగా, సోంబేరి నాకొడకా," అని మొదలుపెట్టాడు. "ఇల్లు కురస్తాంటే వానను తిట్టుకుంటా పండుకొనేటోడివి. ఇప్పుడు యాడ గురక పెడతాండావురా? నీ కూతురు నడీదిలో నిలబడి అడగతాంటే జవాబు జెప్పవా?"

గంగులమ్మ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆచారం తప్పకుండా బిందెడు పసుపునీళ్లు కుప్పుస్వామి మీద కుమ్మరించింది. అమ్మోరి తిట్టు పడినోడికి కర్మ ఎట్ల జేస్తామని కులపెద్దలు వెనక్కి తగ్గారు. గంగులమ్మ గాజులు ఆమె చేతులకే ఉండిపోయాయి.

తిట్టు మునెయ్యను బతికించలేదు. యుద్ధం ముగిశాక, అదే పటాలంలో పనిచేసిన సత్యవేడు మనిషి జయరావు వచ్చి, మునెయ్య ఆ జాతరకు ముందే జ్వరంతో పోయాడని చెప్పాడు. అందుచేత ఆనాటి పిల్ల పనిని గొప్ప విశ్వాసమని నేను పొగడలేను. తండ్రి బతికే ఉన్నాడని నమ్మినావా అని చాలా ఏళ్లకు నేను అడిగితే, సిద్ధమ్మ ఇలా అంది.

"నమ్మకం గాదు సామీ. ఎవురూ నోరు దెరవకుండానే ఆయన్ని ఇంట్లోనుంచి తీసేస్తాంటే ఓర్సుకోలేకపోయినా."

జయరావు వచ్చిన రోజు గంగులమ్మ వేరుశనగ చేలో కూలికి పోయి ఉంది. ఆడమనిషి తట్టుకోలేదని, నాలుగు రోజులు దాచి మెల్లగా చెబుదామని దేవరాజులు అన్నాడు. పదకొండేళ్ల సిద్ధమ్మ అతనితో వాదించలేదు. ముంతలో నీళ్లు పట్టుకొని చేనికి వెళ్లింది. తల్లిని గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, తండ్రి పోయిన సంగతి ఒక్క ముక్క దాచకుండా తానే చెప్పింది.