మామయ్య ఒంటిచేత్తో ఆపిన మనిషి

మా మామయ్య తొమ్మిదో అంతస్తు మీంచి పడిపోతున్న మనిషిని ఎడంచేత్తో కాలరు పట్టి గాల్లోనే ఆపాడు. కుడిచేత్తో గోడకి సిమెంటు పూయడం మాత్రం మానలేదు. ఈ సంగతి టీ బడ్డీ దగ్గర అందరికీ తెలుసు. చెప్పింది నేనే. ఆ బిల్డింగు అప్పటికి నాలుగంతస్తులే లేచింది. మిగతా అయిదూ నేను కట్టినవి, బస్తా సిమెంటు ఖర్చు లేకుండా. ఎనిమిదో తరగతి గట్టెక్కని బుర్రకి అంతకంటే పెద్ద కట్టడం ఏముంటుంది?

మామయ్య పాతికేళ్లుగా మేస్త్రీ. గోడ వెంట్రుకవాసి వాలినా దారం వేలాడదీయకుండా కంటితోనే చెప్పేస్తాడు. ఇది నా కల్పన కాదు. ఆయన తలకి తువ్వాలు ఎడంవైపు ముడేస్తే, మర్నాటికి ముఠాలో ముప్పై ముళ్లూ ఎడంవైపుకి తిరిగేవి.

పైనుంచి పడిపోకుండా నడుముకి కట్టుకోమని కంపెనీ అందరికీ బెల్టులిచ్చింది. బెల్టు తాడు చివరి హుక్కుని పక్కనున్న పరంజా ఇనప పైపుకి తగిలించాలి. నాలుగడుగులు జరిగినప్పుడల్లా తీసి మళ్లీ తగిలించాలి. మామయ్యకి అదో నస. హుక్కుని తన బెల్టు రింగుకే తగిలించేసుకున్నాడు. కిందనుంచి చూసే ఇంజినీరుకి అంతా సవ్యమే.

"మనల్ని మనమే పట్టుకోవాలిరా, పైపెందుకు?" అన్నాడు.

ముఠా పడీపడీ నవ్వింది. వారం తిరక్కుండా ఎవరి హుక్కు వాళ్ల నడుముకే.

ముఠాలో పొడుగాడని ఒకడు, ఓ రోజు మామయ్య పక్కనే గోడ పూస్తూ పరంజా తడి చెక్క మీద జారాడు. కింద ఇసక గుట్ట ఉండబట్టి బతికాడు. తుంటి ఎముక విరిగింది. హుక్కు ఎక్కడుందని ఎవరూ అడగలేదు, మేమూ నోరు విప్పలేదు. నేను కింద సిమెంటు కలుపుతున్నాను. తలెత్తేసరికి మామయ్య చెయ్యి చటుక్కున కదిలింది. నాకది చాలు. కాలరు నేను అతికించాను. అది చిరిగే లోపు వేగం తగ్గబట్టే వాడు బతికాడని కూడా కలిపాను.

ఇంట్లో అత్తయ్య అడిగింది. "మీ మేనల్లుడు వీధి వీధంతా డప్పు కొడుతున్నాడు. మీరేమో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. నిజమేనా?"

"వాడి నోటికి ముందు తాళం వెయ్యి," అని కంచం ముందునుంచి లేచిపోయాడు. అది వినయమనుకున్నాను నేను.

కథ ఇంజినీరు చెవిన పడింది. సోమవారం పొద్దున కొత్త పనివాళ్లని వరసగా నిలబెట్టాడు. "మేస్త్రీ గారూ, ఆ రోజు జరిగింది వీళ్లకి చెప్పండి చాలు. రేపట్నుంచి మొత్తం సైటు భద్రత మీ చేతిలోనే."

పాతికేళ్ల తర్వాత వచ్చిన పెద్దరికం. నేను పక్కన చేరి గొణిగాను. "కాలరు సంగతి మర్చిపోకు మామయ్యా."

మామయ్య నన్ను చూడలేదు. ముందు వరసలో పొడుగాడి తమ్ముణ్ణి చూస్తున్నాడు. వాడు వచ్చి మూడు రోజులే. అప్పుడే హుక్కు వాడి బెల్టు రింగుకే తగిలించి ఉంది.

"అలా ఎవరు నేర్పారు?" అన్నాడు మామయ్య.

"అన్నయ్యే. మేస్త్రీ గారి పద్ధతన్నాడు."

ముఠాలో పాతవాళ్లందరూ నేల చూపులు చూశారు. నేనూ చూశాను. మామయ్య తల నుంచి తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"నేను మీ అన్నని పట్టుకోలేదు. నా హుక్కూ నా నడుముకే ఉంది, పడతానని భయమేసి రెండు చేతులా పైపు పట్టుకున్నాను."