తలకిందుల మావయ్య

మా మావయ్య చేతికి ఏ ఫోటో ఇచ్చినా ముందు దాన్ని తలకిందులు చేస్తాడు. గోడమీది ఫోటోనా, గుర్తింపు కార్డా, అప్పుడే పుట్టిన పసివాడి ఫోటోనా అన్న తేడా ఆయనకు లేదు. తిప్పాక ఇక తప్పులు పట్టడం మొదలుపెడతాడు. నేను ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను, అయినా ప్రతిసారీ నా గుండె జారి కాళ్ళలో పడుతుంది.

ఒకసారి ఛాతీలో నొప్పంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రేని లైటుకి పెట్టి చూస్తూ ముఖం గంభీరంగా పెట్టాడు. అత్తయ్య చేతులు నలుపుకుంటోంది. మావయ్య బల్లమీది నుంచి లేచి వెళ్ళి, ఆ ఫిల్మును ఊడదీసి తలకిందులుగా పెట్టాడు.

"నలుపు బాగా పండింది డాక్టరుగారూ. ఇదిగో, ఈ ఎముకల దగ్గరే తెలుపు మరీ అరుస్తోంది."

"అవి మీ ఎముకలేనండీ" అన్నాడు డాక్టరు.

"ఎవరివైతేనేం, అరుస్తోంది" అన్నాడు మావయ్య.

అది మన ఎముకల సంగతి కాబట్టి సరిపెట్టుకున్నాం. పక్కింటి పెద్దాయన పోయినప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. పలకరింపుకు వెళ్ళాం. ఇంటినిండా జనం. గోడకు ఆయన ఫోటో, నలుపు తెలుపుల్లో. మావయ్య దాన్ని మేకు నుంచి తీసి తలకిందులు చేశాడు. గదిలో ఏడుపులు టక్కున ఆగిపోయాయి.

"ఆయన మా నాన్నగారండీ" అన్నాడు కొడుకు.

"నాన్నగారు బాగానే ఉన్నారు బాబూ. వెనకాల ఆ గోడే ఆయన్ని మింగేస్తోంది."

అత్తయ్య ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "మీతో గడప దాటితే ఒట్టు" అంది. తర్వాత కూడా చాలా గడపలు దాటింది పాపం.

మావయ్య ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారం పొద్దున ఆయన ముందుగదిలో నలుపు తెలుపు ఫోటోల పిచ్చివాళ్ళం చేరతాం. తెచ్చిన ఫోటోలను తాడుకు క్లిప్పులతో వేలాడదీస్తాం. నియమాలు మావయ్యవే. ఫోటో తీసినవాళ్ళు నోరు విప్పకూడదు. చూసినవాళ్ళు "బాగుంది" అని చేతులు దులుపుకోకూడదు, ఏం మారిస్తే బాగుపడుతుందో చెప్పి తీరాలి. మాలో ఒక పళ్ళ డాక్టరున్నాడు, మబ్బుల ఫోటోలు తప్ప తీయడు.

"డాక్టరూ, నీ మబ్బులు ఆకాశంలో కలిసిపోయాయి. ఏది మబ్బో ఏది కాదో బ్రహ్మకు కూడా తెలియదు. లెన్సుకి ఎర్ర ఫిల్టరు తగిలించు, నీలం నల్లబడుతుంది, మబ్బు పైకి తేలుతుంది" అని ఫోటోను తలకిందులుగా పట్టుకునే చెప్పాడు మావయ్య. డాక్టరు ముఖం ముడుచుకున్నాడు గానీ, ఆ తర్వాత తెచ్చిన మబ్బుల్ని మేమంతా నోరు తెరుచుకుని చూశాం.

లెక్కల టీచరుగారు కూడా మాలో ఒకరు. మధ్యలో ఆవిడకు జబ్బుచేసి ముఖం ఎడమవైపు చచ్చుబడింది. పెదవి ఒక పక్కకు జారిపోయింది. అప్పటినుంచి ఆవిడ బడికి సెలవు పెట్టి, మా గదికీ రావడం మానేసి ఇంట్లోనే ఉండిపోయింది. అలాంటిది ఒక ఆదివారం ముఖానికి గుడ్డ చుట్టుకుని వచ్చి, తాడుకు ఒక ఫోటో తగిలించింది. తన ఫోటో తనే తీసుకుంది. అందులో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని సూటిగా చూస్తోంది. జారిన పెదవి జారినట్టే ఉంది.

"సెలవు అయిపోతోంది" అంది. "పిల్లల ముందు నిలబడాలో, రాజీనామా పడేయాలో తేలక చస్తున్నా. ముందు మీరెలా చూస్తారో చూద్దామని తెచ్చా."

పళ్ళ డాక్టరు గొంతు సవరించుకుని "చాలా బాగుందండీ" అన్నాడు. నేనూ "అద్భుతం టీచరుగారూ" అన్నాను. ఇద్దరం నేల చూపులు చూస్తూనే అన్నాం. ఆవిడ తలూపి, ఫోటో తీసేసి సంచిలో పెట్టుకోబోయింది.

మావయ్య చెయ్యి చాపి ఫోటో అందుకున్నాడు.

"మావయ్యా, ఇది వద్దు" అన్నాను. అప్పటికే తలకిందులైపోయింది.

"ఎడమవైపంతా తెల్లగా కాలిపోయిందమ్మా. కిటికీకి మరీ అతుక్కుని కూర్చున్నావు. కుర్చీ మూరెడు ఇవతలికి లాగు. కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టు. కళ్ళలో వెలుగు బ్రహ్మాండంగా ఉంది, దాని జోలికి పోకు. వెనకాల ఆ క్యాలెండరేమిటి, తేదీలు ఎవడడిగాడు?"

పళ్ళ డాక్టరు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, పన్ను పీకించుకునేవాడిలాగా. అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. "మతిగాని పోయిందా మీకు? ఆవిడ ముఖం పట్టుకుని కాలిపోయిందంటారా?"

"ముఖాన్ని ఎవరన్నారే? ప్రింటుని అన్నాను" అన్నాడు మావయ్య, ఆశ్చర్యపోతూ.

టీచరుగారు లేచి వెళ్ళిపోతుందనుకున్నాం. ఆవిడ ముందుకు వంగి ఫోటోలోకి చూసింది. "క్యాలెండరు నేను గమనించనేలేదన్నయ్యగారూ" అంది. తర్వాత, "మూరెడంటే మీ మూరా, నా మూరా?" అని అడిగింది. అలా అడుగుతున్నప్పుడు ముఖం మీది గుడ్డ జారిపోయింది. సర్దుకోవడం మరిచిపోయింది.

మరుసటి ఆదివారం ఇంకో ప్రింటు తెచ్చింది. క్యాలెండరు లేదు. తెల్లగా మాడిన చెంప మీద ఇప్పుడు మెత్తటి బూడిదరంగులు పరుచుకున్నాయి. పెదవిని మాత్రం ఎక్కడా దాచలేదు. మావయ్య ఫోటో అందుకున్నాడు. అందుకుని, తిప్పలేదు. నిటారుగానే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

మా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్య గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి "ఏమండీ, మళ్ళీ నొప్పి వస్తోందా?" అని అడిగింది.

"లోపాలు చెప్పండి అన్నయ్యగారూ" అంది టీచరుగారు.

"ఇలా పట్టుకుంటే మనిషి కనపడుతుందమ్మా. మనిషి కనపడ్డాక లోపాలు నాకు దొరికి చావవు. అందుకే తిప్పుకుని ఏడుస్తాను. లేకపోతే మీలో ఒక్కళ్ళ ఫోటో కూడా బాగుపడదు" అన్నాడు మావయ్య, తప్పు చేసి దొరికిపోయినవాడిలా.

ఆ మాటకు తగిలిన షాకు ముందు ఇన్నేళ్ళ షాకులూ దిగదుడుపే. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను. పళ్ళ డాక్టరు కిటికీలోంచి మబ్బులు చూస్తున్నట్టు నటించాడు.

టీచరుగారు లేచి వెళ్ళి, ఆయన చేతుల్లో ఉన్న తన ఫోటోను తనే తలకిందులు చేసింది.

"తొందరగా కానివ్వండి. రేపు పొద్దున్నే నాకు బడి ఉంది."

"జుట్టు దగ్గర నలుపు ముద్దకట్టిందమ్మా" అని మొదలుపెట్టాడు మావయ్య.