కిటికీలు మూసి వండిన శోర్వ

మా అక్కకు నేను యాటకూర పెట్టి, అది పెద్దకూర అని చెప్పాను. ఆమె బతికి ఉన్న ఆఖరి రోజుల్లో ఈ పని చేశాను. మామూలుగా మోసం చేసేవాడు చవక మాంసం అంటగట్టి మేకమాంసం అని నమ్మిస్తాడు. నేను తిరగేసి చేశాను. మేకమాంసం తెచ్చి, దాన్ని గొడ్డుమాంసం అని నమ్మించడానికి ఒక పూటంతా నాటకం ఆడాను. ప్రేమతో చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమ కాదు, భయం.

అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. కన్నతల్లి అవ్వ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, బాపు అంతకుముందే లేడు. రుద్రూర్ అవతలి తోటల్లో చెరుకు కొట్టే పనికి పోయి ఆమే నన్ను సాకింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా ఇంట్లో పెద్దకూర ఉండేది. అరకిలో కూర, కిలో ఆలుగడ్డలు. ఆమె ఆలుగడ్డను ముక్కలుగా కోసేది కాదు. కత్తి కొంచెం గుచ్చి, మెలిపెట్టి విరిచేది. "కోస్తే ఆలుగడ్డ నీళ్ళల్ల ఈదుకుంట తిరుగుతది. ఇరిస్తే శోర్వల కలుస్తది" అనేది. నిజంగానే విరిగిన అంచులు కరిగి శోర్వ చిక్కబడేది. అందులో జొన్నరొట్టె తుంపి వేసుకుని తినేవాళ్ళం. మూలుగ బొక్క, లోపల మెత్తటి మూలుగ నిండిన ఎముక, ఎప్పుడూ నా గిన్నెలోనే పడేది.

నిజామాబాద్‌లో ఉద్యోగం దొరికి ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు, ఇప్పుడున్న ఇంటి యజమానురాలు ఒక్కటే షరతు పెట్టింది. వాళ్ళది వేల్పూర్ వైపు పసుపు పండించే కుటుంబం. పైన వాళ్ళు, కింద మేము. "కోడి, యాట మీ ఇష్టం సారూ. పెద్దకూర మాత్రం మా గేటు దాటి రావొద్దు" అంది. సరేనంటే చాలు. నేను అంతటితో ఆగలేదు. "మేం అస్సలు ముట్టమమ్మా" అన్నాను. ఆ పేరు వింటేనే రోత అన్నట్టు మొహం పెట్టాను. ఆ మొహాన్ని పదిహేడేళ్ళు మోశాను. అక్క ఎప్పుడొచ్చినా ముందు ఆమె సంచి వెతికేవాణ్ణి. ఒకసారి అందులో ఎండబెట్టిన పెద్దకూర తునకలు కనబడితే, ఆమె చూస్తుండగానే గేటు బయటి మురుగు మోరీలో పారేశాను. ఆ తరవాత ఉత్త చేతులతో రావడం మొదలుపెట్టింది.

పోయిన చలికాలం ఆమె కడుపులో గడ్డ ఉందని తేలింది. చేయగలిగింది ఏమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడు. ఆమెకు పిల్లలు లేరు, భర్త పోయి ఏళ్ళయింది. నా దగ్గరికే తెచ్చుకున్నాను. వంటింటి పక్కన సామాన్లు పెట్టే చిన్న గది ఖాళీ చేసి మంచం వేశాం.

రెండో రోజు నుంచి ఆమె దుప్పటి మీద ఏదో దులపడం మొదలుపెట్టింది. చేతి వేళ్ళ కొనలతో, మెల్లగా, ఎంతకూ ఆపకుండా.

"ఏం దులుపుతున్నవ్ అక్కా?"

"చెరుకు సెత్త కాలవెడ్తున్నరు గద. మసి రాల్తుంది. గిన్నెల మీద మూతలెయ్యమను."

మా కాలనీ చుట్టుపక్కల చెరుకు మొక్క కూడా లేదు. ఆకాశం తేటగా ఉంది. అయినా నా భార్య లేచిపోయి గిన్నెల మీద మూతలు పెట్టి వచ్చింది. నేను ఎందుకని అడిగితే, "పెడితే నీదేం పోయింది?" అంది.

ఇంకో రోజు పట్టపగలు అక్క తలుపులోంచి వంటింటి వైపు చూసి, "పొయ్యికాడ గామె ఎంతసేపు నిలబడ్తది? కూసోమను" అంది. నా భార్య బట్టలు ఆరేయడానికి బయట ఉంది. వంటింట్లో ఎవరూ లేరు. నేను పోయి చూశాను. పొయ్యి ఆరిపోయి ఉంది. దాని పక్కన చెయ్యి పెడితే గట్టు వెచ్చగా తగిలింది. పొద్దున వంట చేసిన వేడే అయి ఉంటుంది. ఆ మాట నేను పైకే చెప్పుకున్నాను, ఎవరో అడిగినట్టు.

ఆ సాయంత్రమే ఆమె అడిగింది. అన్నం మాని అప్పటికి నాలుగు రోజులు. "ఆలుగడ్డలేసి పెద్దకూర శోర్వ తాగబుద్ధి అయితుందిరా తమ్మీ. ఒక్కపారి. గంతే."

నా భార్య వెంటనే, "నేను వండుత వదినా" అంది. నేను ఆమెను బయటికి పిలిచి, ఇల్లు ఖాళీ చేయిస్తారని చెప్పాను.

"అడిగి సూడు. సచ్చేటామె కోసం అంటే కాదంటదా?"

"పదిహేడేండ్ల సంది తినం అని చెప్పుకుంట వచ్చిన. ఇప్పుడేం మొహం పెట్టుకొని అడగాలె?"

"గట్లయితే వదిన ఆశ కంటే నీ మొహమే పెద్దదన్నట్టు" అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున నేను మార్కెట్‌కు పోయి మేకమాంసం తెచ్చాను. చిన్న బొక్కలు చూస్తే అక్క పోల్చుకుంటుందని అన్నీ తీయించేశాను. ఇంటికి వచ్చి కిటికీలు మూశాను. యాటకూర వండుకోవడానికి మాకు అడ్డేమీ లేదు. కిటికీలు మూసింది అక్క చూడాలని. పెద్దకూర వండేవాడు ఎంత భయపడతాడో అంత భయం ఆమెకు కనబడాలని. వంటింటి తలుపు కింద తడిగుడ్డ కుక్కాను. నాలుగు అగరుబత్తులు వెలిగించాను. కుక్కర్ మీద గుడ్డ కప్పాను. విజిల్ వచ్చినప్పుడు, నోరు మూసేసిన మనిషి లోపలినుంచి పిలిచినట్టు వినబడింది. నా భార్య గోడకు ఆనుకుని నిలబడి ఇదంతా చూసింది. ఆలుగడ్డలు మాత్రం తనే విరిచి ఇచ్చింది.

అక్కకు గిన్నె పట్టుకుపోయాను. మూసిన గదిలో వెలుగు బూడిదరంగులో ఉంది. "తెచ్చిన అక్కా. ఎవరికి తెల్వకుంట తెచ్చిన" అన్నాను. నాకు ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అంత తేలికగా వచ్చింది. ఆమె చెంచా దగ్గరికి పెదవులు తెచ్చింది. ఒక్క క్షణం ఆగింది. తరవాత తాగింది. మూడు చెంచాలు.

"బొక్క లేదా?"

"అయిపోయినయట."

"పాపం, దుకాణపాయన కూడ ఆశపోతు ఉన్నట్టుండు" అని నవ్వింది. దుప్పటి దులుపుకుంది. నేను కూడా చూశాను. తెల్ల దుప్పటి మీద నల్లటి పోగు ఒకటి, వేలెడంత, గాలికి వణుకుతూ ఉంది. అగరుబత్తుల మసి అనుకున్నాను. కానీ అగరుబత్తులు వంటింట్లో ఉన్నాయి, తలుపు వేసి ఉంది. వేలితో ముట్టుకుంటే పొడిపొడి అయిపోయింది.

అప్పుడే బయట తలుపు కొట్టిన చప్పుడు. ఇంటామె.

"ఏం వండుతున్నరు సారూ?" అంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. "పై దాకా కొడుతుంది వాసన. పెద్దకూర వాసన నాకు తెల్వదా?"

నా ఇంట్లో పెద్దకూర లేదు. ఉన్నదల్లా ఆ పేరు. నేను పొద్దుటినుంచి ఒక గదిలో పడుకున్న మనిషికి చెప్పుకుంటూ వచ్చిన అబద్ధం. అది మెట్లెక్కి పైకి పోయి, ఆమెను కిందికి పట్టుకొచ్చింది.

"యాటకూరే అమ్మా" అన్నాను. అక్కకు వినబడొద్దని గొంతు తగ్గించి చెప్పాను.

"యాటకూరకు ఎండపొద్దున కిటికీలన్ని ఎందుకు మూసుకున్నరు?"

ఆమె నా భుజం మీదినుంచి లోపలికి చూస్తోంది. అప్పుడు లోపలి గదిలోంచి అక్క గొంతు వచ్చింది. వారం రోజులుగా ఆమె గుసగుసగా తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం చెరుకు తోటలో ఈ గట్టునుంచి ఆ గట్టుకు కేకేసే పాత గొంతుతో పలికింది.

"గది యాటకూరే అమ్మా! నేను తాగిన గద, నాకు తెల్వదా? మా తమ్ముడు గసొంటి పని చెయ్యడు. ఆయనకు మీరంటే మస్తు భయం."

ఇంటామె మెట్లెక్కి పోయింది. నేను తలుపు వేసి అక్క దగ్గరికి పోయాను.

"ఎప్పుడు తెల్సింది?" అని అడిగాను.

"మూతికాడికి రాంగనే."

"మరి అనకపోయినవ్?"

"నువ్వు కిటికీలు మూస్తుంటే పండుకొని సూసిన. గుడ్డలు కుక్కుడు, ఊదుబత్తులు ముట్టిచ్చుడు. గంత తిప్పలవడుతుంటే ఎట్లంట?" కాస్త ఊపిరి తీసుకుంది. "యాట పాపం నా కోసం పానం ఇడిసింది. దాని పేరు కూడ దానికి లేకుంట చేసినవ్."

ఆమె దెప్పలేదు. ఎప్పటిలాగే ఆట పట్టించింది. అది దెప్పడం కంటే ఎక్కువ తగిలింది. ఆరోజు మోరీలో తునకలు పారేసినప్పటి సంగతి చెప్పబోయాను. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, కానీ నిద్రపోయింది. ఆ కళ్ళు నన్ను చూడటం లేదు. నా వెనక, వంటింటి తలుపులో నిలబడ్డ ఎవరినో చూస్తున్నాయి. నేను వెనక్కి తిరగలేదు.

ఆ తరవాత రెండు రోజులు నోట్లో నీళ్ళు కూడా నిలవలేదు. మూడో రోజు పొద్దున నేను పైకి పోయి ఇంటామెకు చెప్పాను. "ఈ రోజు పెద్దకూర వండుతం. మా అక్కకు. మేం మొదటి సంది తినేటోళ్ళమే. నేను మీకు అబద్ధం చెప్పిన."

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "మొన్న వండింది మరేంది?"

"యాటనే అమ్మా."

"ఇంక మీరు ఏది చెప్పినా నేనెట్ల నమ్మాలె సారూ?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "నెల ఆఖరికి వేరే ఇల్లు సూసుకోండ్రి" అంది. సరేనన్నాను.

పెద్దకూర దొరికే గల్లీకి పదిహేడేళ్ళ తరవాత పోయాను. దుకాణం అతను నా ఇస్త్రీ చొక్కా చూసి, "సాబ్, దారి తప్పి రాలే గదా?" అన్నాడు. శోర్వకు అని చెబితే, అడగకుండానే రెండు మూలుగ బొక్కలు కొట్టి వేశాడు.

ఈసారి కుక్కర్ వద్దంది నా భార్య. పెద్ద గిన్నెలో బొక్కలు, కూర, పసుపు, అల్లం ఎల్లిపాయ వేసి మూడు గంటలు సన్నటి సెగ మీద ఉంచింది. కారం, ధనియాల పొడి తరవాత. ఆలుగడ్డలు నేను విరిచాను. మొదటి రెండు నా చేతిలో ముక్కలు ముక్కలయ్యాయి. తరవాత చేతికి గుర్తొచ్చింది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. వాసన ఎటు పోవాలో అటు పోయింది. అంతసేపూ అక్క దుప్పటి దులపలేదు. చేతులు పక్కన పెట్టుకుని వింటున్నట్టు పడుకుంది.

మధ్యాహ్నం గిన్నె తీసుకుని పోయాను. చెంచా పెదవుల దగ్గర పెట్టాను. శోర్వ నోటి అంచునుంచి జారి మెడ మీదికి కారింది. తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ కారింది. మొన్న నేను యాటకూర తెచ్చినప్పుడు ఆమె మూడు చెంచాలు మింగగలిగింది. ఆ మూడు చెంచాలు నేను వృథా చేశాను. ఇది నాకు ఆ మంచం పక్కన, గిన్నె పట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది.

"నాకు పోతలేదు" అంది అక్క. "నువ్వు తిను. నేను సూస్త."

"అక్కా..."

"తిను తమ్మీ. సల్లారుతది."

నా భార్య జొన్నరొట్టె తెచ్చి గిన్నెలో తుంపి వేసింది. నేను ఒక ముద్ద తిన్నాను. నేను మింగినప్పుడు అక్క గొంతు కదిలింది. మూడు రోజులుగా చుక్క నీళ్ళు దిగని గొంతు. కాకతాళీయం అనుకుని ఇంకో ముద్ద తిన్నాను. మళ్ళీ కదిలింది, నేను మింగిన క్షణానికే. నేను ఆగితే ఆగింది. నా భార్య కూడా చూసింది, మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. ఆలుగడ్డ ముక్క నమిలాను. అక్క దవడ మెల్లగా ఆడింది. గది అంతా ఎండ పరుచుకుని ఉంది. బయట ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ పోతున్నారు. నేను తినడం ఆపలేదు.

సగం గిన్నె అయ్యాక అక్క మొహం చిట్లించింది.

"ఉప్పు లేదురా."

నాకు రుచి తెలియలేదు. ఏడుస్తూ తింటున్నాను. నా భార్య వంటింట్లోకి పోయి, గరిటెతో శోర్వ అరచేతిలో పోసుకుని నాకింది. ఉప్పు డబ్బా తెచ్చి నా పక్కన పెట్టింది. ఉప్పు ఆమె వెయ్యనే లేదు. నేను వేశాననుకుందట.

గిన్నెలో ఉప్పు వేసి వేలితో కలిపాను. ఒక గుక్క తాగాను. అక్క గొంతు కదిలింది.

"గిప్పుడెట్లుంది?" అని అడిగాను.

"గిప్పుడు మంచిగైంది" అంది. "గిన్నె కిందవెట్టకు."

నేను పెట్టలేదు.